సంపాదకుని మాట: తనను తాను తినే కణం ఎవరి పక్షం?

కణం తనలోని పాడైన భాగాలను పొరలో చుట్టి, లైసోజోములకు చేర్చి అరిగించుకోవడమే ఆటోఫజీ. దీని జన్యువులను ఈస్టులో గుర్తించిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ దక్కింది. దీన్ని పెంచితే కణంలో దాగిన పరాన్నజీవులన్నీ చస్తాయన్న ఆశ మాత్రం తొందరపాటని మా అభిప్రాయం. టాక్సోప్లాస్మానే చూడండి. చొరబడుతూనే అది ఆ కణపు పొరనే కప్పుకుని గది కట్టుకుంటుంది. లైసోజోములు దానితో కలవవు. ఎలుక కణాలకు ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతం అందితే, కొన్ని ఆటోఫజీ ప్రోటీన్ల సాయంతో ఆ గోడ బద్దలవుతుంది. మరోవైపు అదే ఆటోఫజీ కణంలోని కొవ్వు నిల్వలను కరిగిస్తే, వచ్చిన కొవ్వు ఆమ్లాలను పరాన్నజీవి లాక్కుని పెరుగుతుంది. ఇలా రెండు వైపులా పనిచేసేదాన్ని గుడ్డిగా పెంచితే మేలు ఎవరికి?

మరి క్షయ మాటేమిటని అడగవచ్చు. పోషకాలు అందక ఆటోఫజీ పెరిగిన మాక్రోఫేజుల్లో (క్రిములను మింగే తెల్లకణాల్లో) క్షయ బాక్టీరియా తగ్గిందని 2004లో తేలిన మాట నిజం, విలువైనది కూడా. కానీ అవి ప్రయోగశాలలో పెంచిన కణాలు. 2015లో క్షయ సోకిన ఎలుకల్లో చూస్తే, కొన్ని తెల్లకణాల్లో ఏటీజీ5 అనే ఆటోఫజీ జన్యువు లేని ఎలుకలు త్వరగా చనిపోయాయి. పలు ఇతర ఆటోఫజీ జన్యువులు లేనివి అలా చనిపోలేదు. రక్షణంతా ఆటోఫజీదే అనడానికి ఇక వీల్లేదు. ఉపవాసంతో క్షయ తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పోషకాహార లోపం ఆ జబ్బును ముదరబెడుతుంది. మందులూ మానకండి, తిండీ మానకండి.