సాఫ్ట్‌వేర్ ఉచితం సరే... కూలి కూడా ఉచితమేనా?

ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు చూడాలంటే ఇప్పుడు పాతబస్తీకి రానక్కర్లేదు. డప్పుల దరువు, పోతరాజుల ఆట, ఘటాల ఊరేగింపు అన్నీ నిమిషాల్లో ఫోన్‌లోకి వచ్చేస్తాయి. తెరమీద చానల్ పేరు కనిపిస్తుంది. కానీ గంటల కొద్దీ తీసిన భారీ ఫైళ్లను ఫోన్‌లో ఆగకుండా ఆడే సైజుకు కుదించి, యూట్యూబ్‌కు ఒక తీరున, వాట్సాప్‌కు ఇంకో తీరున సిద్ధం చేసే పిల్లల పేరు ఎక్కడా ఉండదు. ఈ పనినే వీడియో ఎన్‌కోడింగ్ అంటారు. పెళ్లి వీడియోల స్టూడియోల్లో ఇది ‘మిక్సింగ్’లో కలిసిపోతుంది. విడిగా పేరు లేని పనికి విడిగా రేటు కూడా ఉండదు.

దళిత బహుజన, ముస్లిం యువత ఎక్కువగా ఉండే పాతబస్తీలో ‘నైపుణ్యం నేర్చుకోండి, పని అదే వస్తుంది’ అన్న మాట చాలాకాలంగా వింటున్నాం. ఎన్‌కోడింగ్ విషయంలో ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

పనిముట్టు అందరిదీ

ఈ పనికి ప్రధానమైన పనిముట్టు ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో దాన్ని మొదలుపెట్టాడు. చిన్న స్టూడియో నుంచి పెద్ద వీడియో సంస్థల దాకా దాన్నే వాడుతున్నాయి. అది ఉచితం. మామూలు కంప్యూటర్లో నడిచే హ్యాండ్‌బ్రేక్ కూడా ఉచితమే. డిగ్రీ అక్కర్లేదు. కంప్యూటర్, కరెంటు, ఇంటర్నెట్, కొన్ని నెలల ఓపిక ఉంటే నేర్చుకోవచ్చు. అంటే నేర్చుకోవడం దగ్గర అడ్డుగోడ లేదు. అడ్డుగోడ డబ్బు చేతికి రావాల్సిన చోట ఉంది.

గడప దగ్గర కులం

సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం మన విద్యార్థులు తప్పక చదవాలి. ఒకే స్థాయి అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67. ముస్లిం పేరుకు 0.33. లాల్‌దర్వాజా నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు ఈ రెండు అంకెలూ తమవే.

మీడియా సంగతి వేరేమీ కాదు. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. వీడియో పనులకు ప్రకటనలు రావు, తెలిసినవాళ్ల ద్వారానే దొరుకుతాయి. పై కుర్చీల్లో మనవాళ్లు ఎవరూ లేనప్పుడు ఆ ‘తెలిసినవాళ్లు’ ఎవరికి తెలిసినవాళ్లు?

ట్రయల్ పేరుతో వెట్టి

‘ముందు రెండు వీడియోలు చేసి చూపించు, తర్వాత మాట్లాడదాం.’ ఈ రంగంలో అడుగుపెట్టేవాళ్లు వినే మొదటి మాట ఇదే. చేసిన వీడియో కస్టమర్‌కు చేరుతుంది, యజమానికి డబ్బు వస్తుంది, చేసినవాడికి మాత్రం ‘అనుభవం’ మిగులుతుంది. డప్పు కొట్టించుకుని గింజలు విదిల్చిన ఊరి పెత్తనానికీ దీనికీ తేడా ఎక్కడుంది?

రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అన్ని రకాల ఉద్యోగాలకూ కనీస వేతనాన్ని వర్తింపజేసింది. పీస్ రేటు పనీ అందులో ఉంది. అందుకే యజమానులు ‘నువ్వు ఉద్యోగివి కాదు, ఫ్రీలాన్సర్‌వి’ అంటారు. ఆ ఒక్క మాటతో చట్టం బయటే ఆగిపోతుంది.

సంఘం ఉంటే ఏమవుతుందో ఇదే నగరంలో చూశాం. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ 18 రోజులు సమ్మె చేసింది. రోజుకు రెండు వేల లోపు వేతనం ఉన్నవాళ్లకు మూడేళ్లలో మొత్తం 22.5 శాతం పెంపు సాధించింది. సినిమా ఎడిటర్‌కు సంఘం ఉంది. గల్లీ స్టూడియోలో తెల్లవార్లూ ఫైళ్లు కుదించే పిల్లవాడికి సంఘం లేదు.

ఇప్పుడు చేయగలిగింది

ఫ్రీలాన్సర్ అన్న ముద్రను మనమే తిప్పికొట్టవచ్చు. నలుగురు కలిసి సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. ఫీజు లేదు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం అలాంటి సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. అయితే పని ఒప్పుకోకముందే నమోదై ఉండాలి. ఆర్డర్ వాట్సాప్‌లో అయినా రాతలో ఉండాలి.

కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలని 2012 నాటి సేకరణ విధానం చెబుతోంది. సేవలు కూడా ఇందులోకి వస్తాయి. లాల్‌దర్వాజాకు దగ్గర్లోని కంచన్‌బాగ్‌లోనే మిధాని లాంటి కేంద్ర సంస్థ ఉంది. ఇలాంటి సంస్థలు శిక్షణ వీడియోలు, సభల రికార్డింగులు ఎవరితో చేయిస్తున్నాయో, ఆ 4 శాతం ఎక్కడికి పోతోందో సమాచార హక్కు చట్టం కింద అడగడం విద్యార్థి సంఘాలకు పెద్ద పనేమీ కాదు.

రాష్ట్రాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. ప్రభుత్వ వీడియో పనుల్లో ఎస్సీ, ఎస్టీ సంస్థలకు వాటా కావాలి. ఎస్సీ కార్పొరేషన్ రుణాల్లో వాహనాలు, గేదెలతో పాటు ఎడిటింగ్ యూనిట్లకూ చోటివ్వాలి. 2025 ఏప్రిల్‌లో ముసాయిదా విడుదల చేసి మొదలుపెట్టిన గిగ్ కార్మికుల రక్షణ, యాప్ ద్వారా కాకుండా ఫోన్ మీద ఆర్డర్ తీసుకునే వీడియో కార్మికుల దాకా రావాలి.

అప్పటిదాకా బస్తీ స్థాయిలో ఒక నియమం పెట్టుకోవచ్చు: ట్రయల్ అయినా సరే, కూలి లేకుండా వీడియో ఇవ్వం. ఒక్కరు అంటే పని పోతుంది. నలభై మంది కలిసి అంటే అదే రేటు అవుతుంది.