అంగడి లేని అంగడివీధి

మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో, చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి మా చెరువును నిలబెట్టాడు. బుక్కరాయల పేరే మా ఊరికి నిలిచింది. చెరువు నేటికీ చెరువుగానే ఉంది. వానొస్తే నిండుతుంది, రాకుంటే ఎండుతుంది. ఒడెయరు కట్టించి పోయినందుకే ఇన్ని శతాబ్దాలు మిగల్లేదు. గండి పడిన ప్రతిసారీ మట్టి మోసినవాళ్ళుండబట్టి మిగిలింది. కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాసిన ముసలమ్మ కథ కూడా గండి పూడ్చిన కథే కదా.

అదే బుక్కరాయల రాజధానిలోని అంగడివీధి సంగతి వేరే. బళ్ళారి మీదుగా హంపికి పోయిన మన జిల్లావాళ్ళకు ఆ వీధి తెలుసు. విరూపాక్షుని గోపురం ముందు మొదలై, మాతంగ పర్వతం అడుగున ఉన్న రాతినంది దాకా ముప్పాతిక కిలోమీటరు సాగుతుంది. రెండు పక్కలా రాతి మండపాల వరుసలు. కొన్ని ఒంటి అంతస్తువి, కొన్ని మిద్దెమీద మిద్దె. కట్టడం చాలా సాదా. నిలువుకంబం, దానిమీద బోదె, బోదె మీద దూలం, దూలాల మీద బండలు. బరువే వాటిని పట్టి ఉంచుతుంది. పక్కనున్న గుళ్ళలోని శిల్పాలు చూసి వచ్చిన కంటికి ఈ మండపాలు ఆనవు. చాలామంది వాటిని చూడకుండానే నడిచిపోతారు.

నాకు మాత్రం హంపి మొత్తంలో తెలివైన కట్టడం అదే అనిపిస్తుంది. దానికి ముందు గోడ లేదు. నాలుగు కంబాల మధ్య ఒక అంకణం, దాని పక్కన ఇంకొకటి. ఇక్కడ ఎవరు కూర్చోవాలో, ఏం అమ్మాలో ఆ అంకణం చెప్పదు. ఒకటి చాలకపోతే రెండు తీసుకోవచ్చు. బేరం లేకపోతే పడుకోవచ్చు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ వీధిని చూసి రాసిందాంట్లో అంగళ్ళ మాట కన్నా బసల మాటే ముందుకొస్తుంది. యాత్రికులు తలదాచుకునే వసారాలు, పెద్దల విడిదులు, రాజుగారికీ ఒక ఇల్లు. అంటే వీధి నిండుగా వెలిగిన రోజుల్లోనే అది ఒక్క పనికి కట్టుబడి లేదు. ఏటా చైత్రంలో రథం సాగేదీ ఆ నేలమీదే.

1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత రాజ్యం మన పెనుకొండకు తరలింది. నగరం పాడుబడింది. విరూపాక్షుని గుడిలో దీపం మాత్రం ఆరలేదు. గుడి ఉంటే రథం ఉంటుంది, రథం ఉంటే జనం ఉంటారు, జనం ఉన్నచోట టెంకాయలు అమ్మేవాడు ఉంటాడు. అట్లా అంకణాల్లోకి మనుషులు మళ్ళీ చేరారు. కంబాల మధ్య గోడ లేపుకున్నారు, సున్నం కొట్టుకున్నారు, తలుపు పెట్టుకున్నారు. 1986లో యునెస్కో జాబితాకెక్కాక బయటి దేశాల జనం పెరిగారు. భోజనహోటళ్ళు, లాడ్జీలు, పుస్తకాల అంగళ్ళు, బట్టల అంగళ్ళు వచ్చాయి. దాంతోపాటే సిమెంటు వచ్చింది, ఇనుప బోర్డులు వచ్చాయి.

2011 జూలై చివర్లో జేసీబీలు వచ్చాయి. వందల కుటుంబాలు బయట పడ్డాయి. నాలుగు కిలోమీటర్ల అవతల, కడ్డిరాంపుర దగ్గర స్థలం చూపించారు. కంబాల మధ్య గోడలు పోయాయి, మండపాలు ఖాళీ అయ్యాయి.

అధికారుల పక్షాన చెప్పుకోవలసిందీ ఉంది. ఐదొందల ఏళ్ళ కంబానికి సిమెంటు పూసి, దానిమీద స్లాబు వేసి లాడ్జీ లేపితే ఊరుకోలేరు. 1999 నుంచి 2006 దాకా హంపి ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో నలిగింది కూడా. అయితే సిమెంటు గోడను తీయడం వేరు, టెంకాయల అంగడిని తీయడం వేరు. రెండూ ఒకే రోజు ఒకే యంత్రంతో అయిపోయాయి. అక్కడున్నవాళ్ళను ఆక్రమణదారులన్నారు. అది చట్టం మాట. వీధి చరిత్ర చూస్తే, బజారు మండపాన్ని అది పుట్టిన పనులకు వాడుకున్నది వాళ్ళొక్కరే.

2024 మేలో గాలివానకు ఆ వరుసలోని ఒక మండపం కంబాలు కూలాయి. మనుషుల్ని పంపించినందుకే కూలాయని అనను. కానీ మిద్దెల సీమవాళ్ళకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. దూలాలు, దంతెల మీద మట్టి పరిచిన మిద్దెకు వానాకాలం ముందు చౌడు వేయాలి. ఒక ఏడు మానేస్తే ఉరుస్తుంది, నాలుగేళ్ళు మానేస్తే దూలం చెదపడుతుంది. రాతి మండపానికైనా పైన నీళ్ళు నిలిస్తే సందుల్లోకి దిగుతాయి. కింద కాపురమున్నవాడు తలమీద చుక్క పడగానే నిచ్చెనేసి ఎక్కుతాడు. ఖాళీ మండపంలో చుక్క ఎవరి తలమీద పడాలి?

హైదరాబాదు మొజాంజాహీ మార్కెట్టును చూడండి. ఏడో నిజాం తన రెండో కొడుకు పేర 1935లో కట్టించిన నల్లరాతి బజారు. గడియారస్తంభం నుంచి రెండు రెక్కలు చాచినట్టుంటుంది. పుట్టింది పండ్ల మార్కెట్టుగా. 1980లలో టోకు పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి పోయింది. కట్టడం మాత్రం ఖాళీ కాలేదు. ఐస్‌క్రీములు, పూలు, అత్తర్లు, తమలపాకులు ఆ అరల్లోకి చేరాయి. దానిమీదా తడికెలు, ప్లాస్టిక్ పట్టాలు పేరుకున్నాయి, కప్పు కారింది. బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచినప్పుడు రాతిమీది రంగులు గీకారు, కప్పు సరిచేశారు, అడ్డదిడ్డపు రేకులు తీశారు. దుకాణదారులు మాత్రం అక్కడే ఉన్నారు. అక్కడ చేసిన పని హంపిలో చేయలేమా? వయసులో తేడా ఉంది, చట్టం వేరు, నిజమే. బుద్ధి వేరుగా ఉండనక్కర్లేదు.

ఇంతకూ ఈ గొడవ మనకెందుకంటే, మా చెరువు కట్ట దాటితే అనంతపురం పాతూరు ఉంది. గాంధీ బజారులో, తిలక్ రోడ్డులో పాత అంగళ్ళు గాజు ముఖాల వెనక ఇంకా కొన్ని మిగిలాయి. ముందు అరుగు, లోపల అంగడి, దాని వెనకో పైనో కాపురం. వీటిని ఏ పురావస్తు శాఖా పట్టించుకోదు, పట్టించుకోవాలనీ అడగను. ఆ శాఖ చేయి పడితే ముందు అంగడివాడు బయటికి పోతాడని హంపి చూశాక భయం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, అంగడి కొత్తగా కట్టేటప్పుడు, కనీసం ఆ కట్టడాన్ని కొలిచి, ఫోటో తీసి, అందులో ఎవరెవరు ఏం అమ్మారో రాసిపెట్టే పని నగరపాలక సంస్థ చేయొచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

అంతవరకు ఆ పని మనమే మొదలుపెడదాం. పాతూరు, తాడిపత్రి, ధర్మవరం, హిందూపురం, గుత్తి బజార్లలో మీకు తెలిసిన పాత అంగడి ఒకటుంటే దాని గురించి రెండు పేజీలు రాసి పంపండి. ఎవరు కట్టించారన్నది తెలియకపోయినా ఫర్వాలేదు. ఎన్ని అంకణాలు, కప్పు దేనితో వేశారు, మీ తాత నాటికి అందులో ఏం అమ్మేవాళ్ళు, ఇప్పుడేం అమ్ముతున్నారు అన్నవి చాలు. వచ్చే సంచిక నుంచి అచ్చువేస్తాం.