రాత్రి అంటే ఏ తేదీ రాత్రి?



ఈ నెల మేము ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టాలి. తప్పు మాది, కష్టం పడింది మరొకరు. ఆమె అనుమతి తీసుకొనే ఈ సంగతి రాస్తున్నాం. మీలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. మాకు జరిగిన పొరపాటు మీకు జరగకూడదనే మా ఆశ.

మా సంఘంలో ఒక చెల్లెలు కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. వెళ్లి నాలుగేళ్లయింది. 2024 అక్టోబరులో సెలవు మీద వస్తున్నానని కబురు చేసింది. హైదరాబాదులో విమానం దిగి, సికింద్రాబాదులో ఉన్న మేనత్త ఇంట్లో ఒక పూట ఉండి, రాత్రి రైలుకు గోదావరి జిల్లాకు రావాలని ఏర్పాటు. విమానాశ్రయం నుండి మేనత్త ఇంటికి కారు ముందుగా మాట్లాడిపెట్టమని ఆమె తండ్రి మా దగ్గరకు వచ్చారు. ఆయనకు చదువు రాదు. టికెట్టు కాగితం మా చేతిలో పెట్టి, "తేదీ అదీ మీరే చూడండి బాబుగారూ, నాకు ఇంగ్లీషు తెలియదు" అన్నారు.

మేము చూశాం. కువైట్‌లో బయలుదేరేది 13వ తేదీ సాయంత్రం 8.05. హైదరాబాదు చేరేది 14వ తేదీ 3.15. వెంటనే సిటీలో ఒక ట్రావెల్స్ వారికి ఫోన్ చేసి, "14వ తేదీ రాత్రి మూడుంబావుకు కారు కావాలి" అని చెప్పాం. అవతలి మనిషి రాసుకున్నాడు. తండ్రిగారికి కూడా అదే చెప్పాం. 13 ఆదివారం నాడు ఆరాధనలో ఆమె క్షేమ ప్రయాణం కోసం అందరం ప్రార్థన చేశాం. ఆ సాయంత్రం తండ్రి పూతరేకుల పొట్లం కట్టించుకొని రైలెక్కారు. సోమవారం పగలంతా మేనత్త ఇంట్లో ఉండి, రాత్రికి కారులో కూతురికి ఎదురు వెళ్లాలని ఆయన ఉద్దేశం.

ఆదివారం రాత్రి మంచి నిద్రలో ఉండగా మా ఫోన్ మోగింది. తెలియని నంబరు. టైము నాలుగు గంటల ఇరవై నిమిషాలు. "అన్నయ్యగారూ, నేను దిగి గంటయింది. ఎవరూ రాలేదు. నాన్న బాగానే ఉన్నాడా?" అని అడిగింది చెల్లెలు.

ఆ ప్రశ్న వినగానే మాకు నోట మాట రాలేదు. కారు రాలేదని ఆమె కోపపడలేదు. తండ్రికి ఏదో అయ్యుంటుంది, అందుకే ఎవరూ రాలేదు, తనకు చెప్పకుండా దాస్తున్నారు అనుకుంది. ఆ సమయానికి తండ్రి వరంగల్ దగ్గర రైల్లో నిద్రపోతున్నారు. కారు మరునాటి రాత్రికి రావలసి ఉంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చూడండి. మన పల్లెల్లో రోజు అంటే తెల్లవారితే మొదలు. సోమవారం రాత్రి మూడు గంటలంటే, సోమవారం పగలు గడిచాక వచ్చే రాత్రి అనే మన లెక్క. విమానం టికెట్టుకు ఆ లెక్క లేదు. దానికి అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. 14వ తేదీ 3.15 అంటే, 13 ఆదివారం రాత్రి మనం పడుకున్న తరువాత, సోమవారం కోడి కూయక ముందు. మేము "రాత్రి" అన్నాం గనుక ట్రావెల్స్ వారు కూడా మన లెక్క ప్రకారమే 14 దాటిన రాత్రికి రాసుకున్నారు. వారి తప్పు ఏమీ లేదు. "తెల్లవారుజాము" అనే ఒక్క మాట వాడి ఉంటే సరిపోయేది.

అందుకని మా మొదటి మనవి ఇది. అర్ధరాత్రి నుండి తెల్లవారేలోపు దిగే విమానమైతే, కారు మాట్లాడేటప్పుడు రెండు వారాల పేర్లూ చెప్పండి. "ఆదివారం రాత్రి దాటి సోమవారం తెల్లవారుజామున, తేదీ 14, మూడు గంటల పదిహేను నిమిషాలకు" అని పూర్తిగా చెప్పి, అవతలివారి చేత తిరిగి చెప్పించుకోండి. ఎదురు వెళ్లేవారు ముందురోజు సాయంత్రానికే సిటీ చేరి ఉండాలి.

టైము విషయంలో ఇంకొక మాట. టికెట్టు మీద బయలుదేరే టైము ఆ దేశపు టైము, దిగే టైము మన దేశపు టైము. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ గడియారాలు మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక. దుబాయి, మస్కట్ గంటన్నర వెనుక. కొందరు ఈ తేడా మళ్లీ కూడుతారు, కొందరు తీసివేస్తారు. ఏదీ అక్కరలేదు. దిగే చోట ఏ టైము రాసి ఉందో అదే మన టైము.

ఇక, కారు రాకపోతే అక్కడే ఇంకొకటి దొరకదా అని మీరు అడగవచ్చు. దొరుకుతుంది. అయితే నాలుగేళ్ల తరువాత వచ్చిన మనిషికి అది మనం అనుకున్నంత సులభం కాదు. 2008 మార్చి వరకు విమానాలు బేగంపేటలో దిగేవి. అది ఊరి నడిబొడ్డు, సికింద్రాబాదుకు ఆటోలో పోవచ్చు. ఆ నెల నుండి విమానాలు శంషాబాదులో దిగుతున్నాయి. అక్కడినుండి సికింద్రాబాదు స్టేషను 30 కిలోమీటర్లకు పైనే. 2009లో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు మించిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వంతెన తెరిచాక ప్రయాణం తేలికైంది గాని, దూరం దూరమే.

యాప్‌లో కారు పిలవాలంటే పనిచేసే ఫోన్ కావాలి. కువైట్ సిమ్ రోమింగ్ లేకపోతే ఇక్కడ మూగబోతుంది. వెళ్లేటప్పుడు దాచుకున్న మన సిమ్ ఏళ్ల తరబడి రీచార్జి లేక ఆగిపోయి ఉంటుంది. మా చెల్లెలి సంగతీ అంతే. చేతిలో మంచి ఫోన్ ఉంది, మాట్లాడడానికి వీలు లేదు. రెండు పెట్టెలు, ఒక దుప్పటి మూట ట్రాలీలో పెట్టుకొని బయట నిలబడింది. ఒకతను దగ్గరకు వచ్చి, "సికింద్రాబాదా అమ్మా, రండి, కారు పక్కనే ఉంది" అని పెట్టె మీద చెయ్యి వేశాడట. ఆమె వద్దన్నది. అతను మళ్లీ మళ్లీ వచ్చాడు. నాలుగేళ్ల సంపాదన ఆ పెట్టెల్లో, ఒంటి మీద ఉంది. చివరికి అక్కడ ఊడుస్తున్న ఒక పెద్దావిడ చూసి, "ఏడ్వకు బిడ్డా, నంబర్ చెప్పు, నేను కలుపుతా" అని తన ఫోన్ ఇచ్చింది. మా నంబరు పాత చీటీ మీద రాసి ఉండబట్టి సరిపోయింది. ఆ తల్లి పేరు కూడా మేము అడగలేదు.

మేము మేనత్త కొడుకును లేపాం. అతను వేరే కారు మాట్లాడుకొని వెళ్లేసరికి తెల్లవారింది. చెల్లెలు ట్రాలీ పట్టుకొని నిలబడే ఉందట. కూర్చుంటే వచ్చినవారికి కనబడనేమోనని కూర్చోలేదట.

కాబట్టి ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని చెబుతాం. శంషాబాదు నుండి సిటీలోకి రావడానికి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. సామాను తక్కువై, దారి తెలిసినవారికి అవి చవక, నమ్మకం. ప్రీపెయిడ్ టాక్సీ కౌంటరులో డబ్బు కట్టి రసీదు తీసుకొని ఎక్కవచ్చు. ఫోన్ పనిచేస్తుంటే యాప్ కార్లు ఉన్నాయి. నాలుగవది, ఇంటివారు ముందుగా మాట్లాడిపెట్టే కారు. ఒంటరిగా వచ్చే ఆడపిల్లలకు, వృద్ధులకు, సామాను ఎక్కువ ఉన్నవారికి ఈ నాలుగవదే మంచిదని మా అభిప్రాయం. అయితే ఒక ఫోన్ చేసి ఊరుకుంటే చాలదు. ఈ సంగతులు అడిగి కాగితం మీద రాసుకోవాలి.

మొదటిది, విమానం నంబరు ట్రావెల్స్ వారికి ఇవ్వాలి. నంబరు ఉంటే విమానం ఆలస్యమైందో, ముందే వచ్చిందో వారు చూసుకోగలరు. టైము మాత్రమే ఇస్తే డ్రైవరు వచ్చి చూసి పోయే ప్రమాదం ఉంది.

రెండవది, విమానం దిగగానే మనిషి బయటికి రారు. పాస్‌పోర్టు తనిఖీ, సామాను, కస్టమ్స్ అన్నీ అయ్యేసరికి గంట, ఒక్కోసారి గంటన్నర పడుతుంది. ఎంతసేపు ఉచితంగా ఆగుతారు, ఆ తరువాత గంటకు ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి.

మూడవది, కిరాయి మొత్తం ఎంత? పార్కింగ్, టోలు, రాత్రి బత్తా అందులో కలిసి ఉన్నాయా, విడిగా ఇవ్వాలా? "వచ్చాక చూసుకుందాం లెండి" అనే మాటకు ఒప్పుకోవద్దు. డబ్బంతా ముందే కట్టవద్దు. కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగతాది ఇల్లు చేరాక ఇవ్వండి.

నాలుగవది, డ్రైవరు పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు ముందురోజే తెప్పించుకోండి. కిరాయి బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. కరెంటుతో నడిచే కిరాయి బండికి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికి మాత్రమే. కిరాయికి తిప్పితే చట్టం ఒప్పుకోదు, దారిలో ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కులొస్తాయి.

ఐదవది, వచ్చేవారి చేతిలో ఒక కాగితం ఉండాలి. డ్రైవరు పేరు, బండి నంబరు, ఇంటివారి ఫోన్ నంబర్లు రెండు, చేరవలసిన ఇంటి చిరునామా అందులో రాయాలి. ఫోన్‌లో పంపిన ఫోటో చాలదు, ఛార్జింగ్ అయిపోతే అదీ పోతుంది. వారు విమానం ఎక్కేలోపు ఫోన్‌లో చదివి వినిపించి, వారి చేత్తోనే రాయించండి. డ్రైవరు కనబడకపోతే పిలిచినవారి వెంట వెళ్లకుండా వెలుతురున్న చోట, పదిమంది మధ్య ఆగాలని చెప్పండి. పోలీసుల కోసం 112 నంబరు ఉందని కూడా రాయించండి.

డ్రైవరు గురించి కూడా ఒక మాట. అతనూ ఒక ఇంటి బిడ్డే. మనవారి కోసం రాత్రంతా మేలుకొని ఉంటాడు. ప్రయాణం ఆగిపోతే వెంటనే ఫోన్ చేసి చెప్పండి. విమానం ఆలస్యమైతే ఒప్పుకున్న వెయిటింగ్ డబ్బు సణుక్కోకుండా ఇవ్వండి. మేము మాట్లాడిన కారు 14 దాటిన రాత్రికి అనవసరంగా వెళ్లకుండా, ఆ ఉదయమే ఫోన్ చేసి క్షమించమని అడిగాం. అడ్వాన్సు తిరిగి అడగలేదు.

వెళ్లేటప్పుడైతే ఈ పొరపాటు ఇంకా ఖరీదైనది. వచ్చేటప్పుడు కారు తప్పిపోతుంది, వెళ్లేటప్పుడు విమానమే తప్పిపోతుంది. టికెట్టు మీద 20వ తేదీ 00.40 అని ఉంటే, 20 రాత్రి బయలుదేరినవారికి విమానం ఉండదు, అది ముందురోజు రాత్రే ఎగిరిపోయి ఉంటుంది. విదేశ ప్రయాణానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి గనుక, వారు 19వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా శంషాబాదులో ఉండాలి. కారు 19కి మాట్లాడాలి.

చెల్లెలు ఇంటికి వచ్చాక మేము వెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె నవ్వి, "అయిందేదో అయిపోయింది లెండి అన్నయ్యగారూ" అని కాఫీ ఇచ్చింది. ఆమె తండ్రి మాత్రం ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి, "నేను చదువుకొని ఉంటే నేనే చూసుకొనేవాణ్ణి" అన్నారు. చదువు వచ్చినవారమని మమ్మల్ని నమ్మి కాగితం చేతిలో పెట్టిన మనిషి ఆయన. ఎవరైనా ఒక కాగితం తెచ్చి "ఇది చూసిపెట్టండి" అని అడిగితే, ఇప్పుడు మేము కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదువుతున్నాం.

2025 జనవరిలో ఆమె తిరిగి కువైట్ వెళ్లింది. టికెట్టు రాగానే మా ఇంటికి తెచ్చింది. మేము చదివి తేదీ చెప్పాం. ఆమె మాటకు మాట చెప్పకుండా గోడ మీది క్యాలెండరు దగ్గరకు వెళ్లి, పెన్ను తీసి, "ఈ రాత్రా, ఆ రాత్రా?" అని రెండు గళ్ల మధ్య వేలు పెట్టి చూపించమంది. చూపించాం. ఆ రెండు గళ్ల నడుమ గీత మీదే ఆమె చుక్క పెట్టుకుంది.

మీ ఇంట్లో కూడా క్యాలెండరు ఉంటుంది గదా. ఈసారి టికెట్టు రాగానే ముందు దాని దగ్గరకు వెళ్లండి. ఫోన్ తరువాత చేయవచ్చు.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.