ప్రభుత్వాల రాజీ - ప్రజల బాకీ

యుద్ధానంతరం ప్రభుత్వాలు సంధి చేసికొనడం అవసరమే. కాని పోయిన ప్రాణాలకు, అందని కూలికి రావలసిన వ్యక్తుల బాకీని కూడ ఆ సంధిలోనే కొట్టివేయడం న్యాయం కాదని మేము భావిస్తున్నాము.

1942-43లో జపాను సైన్యం మలయా రబ్బరు తోటల నుండి తమిళులతోపాటు తెలుగు కూలీలను సయాం-బర్మా రైలుమార్గపు పనికి తరలించింది. 415 కిలోమీటర్ల ఆ దారిలో వేలాది ఆసియా కూలీలు ఆకలికి, కలరాకు బలియైనారు. 1952 సంధిలో భారత ప్రభుత్వం జపానుపై నష్టపరిహారపు హక్కును వదులుకొన్నది. 1967లో మలేషియా ప్రభుత్వం రెండున్నర కోట్ల మలేషియా డాలర్ల సహాయంతో సమస్య పూర్తిగా పరిష్కారమైనదని అంగీకరించింది. ఆ పద్దు కింద వచ్చినవి రెండు ఓడలు. కూలీల కుటుంబాలకు ఒప్పందంలో వాటా లేదు.

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగా, తెలుగువారితో సహా లక్షన్నరకు పైగా భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. ఈసారి పద్ధతి మారింది. 1991లో ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్‌ను నెలకొల్పి, ఇరాక్ చమురు ఆదాయం నుండి నిధి సమకూర్చింది. దరఖాస్తులు ప్రభుత్వాల ద్వారానే వెళ్లినా, పరిహారం వ్యక్తుల పేరనే మంజూరైనది. దేశం విడిచి రావలసిన వ్యక్తికి కనీసం 2,500 డాలర్లు నిర్ణయించారు. పంచిన సొమ్ముకు ప్రభుత్వాలు లెక్క చెప్పవలసివచ్చింది.

పౌరుని హక్కుకు ప్రభుత్వం వకీలు కావచ్చును గాని యజమాని కారాదు. ఆ సొమ్ము దానివద్ద అమానత్ మాత్రమే. నేటికీ తెలంగాణ నుండి ఎందరో గల్ఫ్‌కు వెళుతున్నారు. వారి పాస్‌పోర్టు, పని ఒప్పందం, జీతపు రసీదుల నకళ్లను ఇంట భద్రపరచడం నకిరేకల్ విద్యార్థులమైన మనం చేయగల సేవ. రుజువు లేని బాకీని ఏ సంధీ తీర్చదు.