గృహలేఖ: గాజుతొట్టిలో చేప జబ్బుపడినప్పుడు



గడచిన రెండు మాసములలో మాకు చేరిన జాబులు పెక్కు వంటను గూర్చినవి, కొన్ని పసిబిడ్డల పెంపకమును గూర్చినవి. ఒక్కటి మాత్రము చేపను గూర్చినది. మొదటి పుట చదివి చిరునవ్వు నవ్వితిని. రెండవ పుట త్రిప్పిన పిదప ఆ నవ్వు నిలువలేదు.

ఆ జాబు వ్రాసినది కృష్ణాతీరమున నొక పట్టణములో నుండు సోదరి. ఆమె కుమార్తెకు తొమ్మిదేండ్లు నిండిన దినమున మేనమామ యొక గుండ్రని గాజుగిన్నెను, ఐదు బంగారు చేపలను కొనితెచ్చెనట. గిన్నెలో పది లీటర్ల నీరు పట్టును. అడుగున రంగురాళ్లు, ఒక ప్రక్క చిన్న ఫిల్టరు. ఆరవ దినమున ఒక చేప చచ్చి తేలెను. ఆ సాయంకాలమే సోదరి నీరంతయు పారబోసి, రాళ్లను, ఫిల్టరులోని స్పాంజిని కొళాయి క్రింద శుభ్రముగా తోమి కడిగి, ఆ కొళాయినీటితోనే గిన్నెను మరల నింపినది. తెల్లవారుసరికి మరి రెండు చనిపోయినవి. మిగిలిన రెండును నీటి పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నవి. అందు పెద్దదాని చెక్కిళ్లపై తెల్లని చుక్కలున్నవి. దుకాణదారుడు నీలిమందు ఒక సీసా, పచ్చమందు ఒక సీసా ఇచ్చి రెండును పోయుమనెను. ఇంటిలో నాయనమ్మగారు “పిల్ల గుప్పిళ్లతో మేత పోసి చంపినది” అనుచున్నారు. పిల్ల అన్నము సరిగా తినుట లేదు. గిన్నె యున్న గదిలోనికే పోవుట లేదు.

“ఏ మందు ముందు పోయవలెను? మా అమ్మాయి చేతనే అవి చచ్చినవా? నిజము వ్రాయుడు” అని ఆమె అడిగినది.

జాబునకు జాబు వ్రాయుచు కూర్చున్నచో ఆ రెండు చేపలును దక్కవని తలచి, అప్పటికప్పుడు ఫోనులో మాటలాడితిని. మందుసీసాలు రెండింటిని మూత తీయక అలమరలో పెట్టుమని మొదట చెప్పితిని.

చేపకు జబ్బు చేసినదనగానే మందు కొఱకు పరుగెత్తుట మన యలవాటు. కాని చేప తాను పీల్చునది, తాను విడుచునది ఒక్క నీటిలోనే. రేయింబవళ్లు దానిలోనే మునిగియుండును. తలుపులు మూసిన వంటయింటిలో పొగ క్రమ్మి దగ్గువచ్చుచుండగా దగ్గుమందు త్రాగి ప్రయోజనమేమి? ముందు కిటికీ తెరువవలెను గదా. గాజుతొట్టిలో చేప చనిపోయినప్పుడు పదింట ఎక్కువ పాళ్లు నీటినే శంకింపవలెనని నా యనుభవము.

చేప దేహమున పుట్టు అమ్మోనియా చాలభాగము మొప్పల గుండా నీటిలో కలియును. తినక మిగిలిన మేత కుళ్లినప్పుడును అదియే పుట్టును. అది మొప్పలను కాల్చు విషము. చెరువులలో, ఏళ్లలో దీనిని తిని బ్రదుకు సూక్ష్మజీవులు గలవు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. అది రక్తమును గోధుమవన్నెకు త్రిప్పి ప్రాణవాయువును మోయనీయదు. నైట్రేటు అంత హానికరము కాదు. వారమున కొకసారి తొట్టిలో నాలుగవ వంతు నీరు మార్చుచుండిన చాలును. ఈ సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలోను, రాళ్లపైనను కాపురముండును. క్రొత్త తొట్టిలో అవి స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. పాలు పోసి తోడువేయక ఉదయము పెరుగు కావలెనన్న నగుబాటు గదా! అయినను తొట్టి కొన్న సాయంకాలమే చేపలను విడుచువారిని ఎవ్వరును నవ్వరు. ఆరోగ్యముగ నున్న పాత తొట్టి గల స్నేహితురాలుండినచో ఆమె ఫిల్టరు స్పాంజిలో నొక ముక్క అడిగి తెచ్చుకొనుడు. అదియే తోడు.

ఈ సోదరి యింట తోడు లేని పది లీటర్లలో ఐదు చేపలు పడినవి. బంగారు చేప చిన్నదిగా కనుపించుచునే ఎక్కువగ మలినము విడుచు జాతి. దానికి జీర్ణకోశమే లేదు. తిన్నది ప్రేగులలోనికి సాగిపోవును. అందుచేత ఎప్పుడును ఆకలిగొన్నట్లే కనుపించి పిల్లలను మోసగించును. ఒక నిమిషములో తినివేయగల మేత వేసిన చాలును. ఒక్కొక్క చేపకు నలువది లీటర్లయిన నుండవలెనని నా మతము. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు లోతు గల తొట్టి యంచు వరకు నిండిన 88 లీటర్లు. అది రెండు చేపల యిల్లు. గుండ్రని గిన్నె అందమైన వస్తువే. దానిలో పూలు పెట్టుకొనవచ్చును.

ఫోనులో ఆమెను నేనడిగిన ప్రశ్నలివి. చేపలు నోళ్లు తెరచుట తెల్లవారుజామున మాత్రమేనా, దినమంతయునా? వేకువను మాత్రమే యైనచో గాలి చాలకపోవుట కారణము కావచ్చును. దినమంతయు నైనచో మొప్పలు చెడినవని శంకింపవలెను. మొప్పల రంగు ఎట్లున్నది? రెక్కలు దేహమునకు అంటుకొని ముడుచుకొన్నవా? రెక్కలలో నెత్తుటి చారలున్నవా? ఆమె దీపము పట్టి చూచి వచ్చి, దినమంతయు తెరచుచునే యున్నవని, మొప్పలు కెంపువన్నె మీరి కందినవని, చిన్నదాని తోకలో ఎఱ్ఱని గీతలున్నవని చెప్పినది. అమ్మోనియాను పరీక్షించు చుక్కలమందు అక్వేరియము దుకాణములలో దొరకును. ఆమె భర్త వెంటనే తెచ్చెను. పరీక్షగొట్టములో పసుపువన్నె యుండవలసిన చోట ఆకుపచ్చవన్నె తేలెను.

చికిత్స యిది. అరువది లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొనిరి. గాజుతొట్టి కంటె దానికి వెల యెంతో తక్కువ. ముందుదినము పట్టి మూతలేని బకెట్లలో నిలువయుంచిన నీటిని దానిలో పోసిరి. కొళాయినీటిలో మన మేలునకై కలుపు క్లోరిను చేపల మొప్పలను కాల్చును, స్పాంజిలోని సూక్ష్మజీవులను చంపును. వెడల్పు పాత్రలో ఒక దినము నిలిచిన నీటిలో అది చాలవరకు ఎగిరిపోవును. కొన్ని యూళ్ల నీటిలో క్లోరమీను కలుపుదురు. అది నిలువయుంచినంత మాత్రమున పోదు. దానికి దుకాణములో దొరకు విరుగుడు ద్రవము వాడవలెను. నీటిని రాగిబిందెలో మాత్రము నిలువయుంచకుడు. రాగిపాత్రలోని నీరు మనకు మంచిదని త్రాగుదుము, కాని నీటిలో కరగిన రాగి చేపకు విషము.

గిన్నెలోని నీటిలో టబ్బునీటిని చెంబుతో కొంచెము కొంచెముగా ఒక గంటసేపు కలిపి, ఆ పిమ్మట చేపలను టబ్బులోనికి మార్చిరి. గాలిపంపు పెట్టిరి. మూడు దినములు మేత మానిరి; బంగారు చేప దానికి నీరసింపదు. లీటరుకు ఒక గ్రాము చొప్పున అరువది గ్రాముల కల్లుప్పును చెంబునీటిలో కరగించి దినమంతయు విడతలుగా పోసిరి. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పల గుండా లోనికి పోనీయదు. ప్రతిదినము పరీక్షించి, ఆకుపచ్చవన్నె కనుపించినప్పుడెల్ల మూడవ వంతు నీరు మార్చిరి. తీసిన నీటిలో పోయిన పాటి యుప్పును మాత్రమే మరల వేసిరి. ఇంతే. నీలిమందు పోసియుండినచో అప్పుడప్పుడే పుట్టుచున్న సూక్ష్మజీవులు నశించి కథ మొదటికి వచ్చియుండెడిది.

ఇక ఆమె రెండవ ప్రశ్న. దీనికి జవాబు చెప్పుటకు నాకు నోరాడలేదు. మొదటి చేప అమ్మోనియా చేత చచ్చినది. మేత ఎక్కువగుట దానికి కొంత తోడ్పడియుండును. కాని మేత తగ్గించినను ఐదు చేపలు ఆ గిన్నెలో బ్రదుకగలిగెడివి కావు. గిన్నెను కొన్నది పిల్ల కాదు. ఒక్కరాత్రిలో పోయిన ఆ రెండింటి మాట వేరు. ఉన్న కొద్దిపాటి సూక్ష్మజీవులును కొళాయి క్రింద కొట్టుకొనిపోయి, నీరంతయు ఒక్కమారుగ మారి, క్లోరిను మొప్పలకు తగిలినది. “అమ్మా, ఆ రెండును మీ చేతి శుభ్రత వలన పోయినవి, అమ్మాయి చేతి మేత వలన కాదు” అని చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత “ఈ మాట అత్తగారి యెదుట చెప్పెదను” అన్నది.

చెక్కిళ్లపై తెల్లని చుక్కల సంగతి మిగిలినది. వాని చిత్రమును ఫోనులో పంపుమని కోరితిని. చూడగానే నాకు పాతగాయము రేగినది. మగ బంగారు చేపకు యుక్తవయసున, గ్రుడ్లు పెట్టు కాలమున, మొప్పల కప్పులపైనను ముందురెక్కల మొదటి యీనెపైనను చిన్న తెల్లని మొటిమలు లేచును. అది జబ్బు కాదు, పెండ్లియీడు. పదునైదేండ్ల క్రిందట మా యింటి మగచేపకు ఇవి లేవగా నేను తెల్లచుక్కల జబ్బని నిశ్చయించి, పచ్చమందు పోసి, నీరు వేడిచేసి, ఉప్పు కలిపి, ఎనిమిది దినములలో దానిని చంపితిని. ఆ చేప తోకపై ఒక్క చుక్కయు లేదని అప్పుడును నాకు కనుపించుచునే యున్నది. పుస్తకములో చదివిన పేరు ముందు నా కన్ను నిలువలేదు.

చేప కేవలము చూపుచేతనే పిల్లలను పోషించునని పెద్దలు చెప్పుదురు. బంగారు చేప విషయమున ఈ మాట పొసగదు. అది తాను పెట్టిన గ్రుడ్లను తానే తినివేయును. అయితే దానిని పెంచువారికి మాత్రము చూపే ముఖ్యమైన పని.

నిజమైన తెల్లచుక్కల జబ్బు ఇట్లుండును. దేహముపై, రెక్కలపై, తోకపై బొంబాయిరవ్వ చల్లినట్లు చుక్కలు పుట్టి దినదినమున కెక్కువగును. చేప రాళ్లకు ఒరసికొనును. దీనికి కారణము ఒకే కణము గల జీవి. ఫూకే యను శాస్త్రజ్ఞుడు 1876లో దీనికి ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలియిస్ అని పేరుపెట్టెను. బహుసంతానము గల చేపపేను అని ఆ పేరునకు అర్థము, అది పేను కాకపోయినను. సంతానము మాట నిజమే. చర్మము క్రింద బలిసిన జీవి రాలి, అడుగున గూడు కట్టుకొని, వందలకొలది పిల్లలుగా విడిపోవును. అవి రెండు మూడు దినములలో మరల చేపను పట్టనిచో చచ్చును. ఈదులాడు పిల్లలపైననే మందు పనిచేయును. చర్మము క్రింద నున్నదానిని, గూటిలో నున్నదానిని అది తాకలేదు. కావున చుక్కలు మాయమైన నాడే మందు మానుట పెద్ద పొరపాటు. బంగారు చేపకు లీటరుకు రెండు మొదలు మూడు గ్రాముల ఉప్పును రెండు మూడు విడతలుగా కలిపి, గాలిపంపు బలముగా నుంచి, కడపటి చుక్క పోయిన పిదప మరియొక వారము సాగింపవలెను. మన వేసవిలో నీటిని ప్రత్యేకముగా వేడిచేయ నక్కరలేదు. వేడినీటిలో ప్రాణవాయువు తగ్గునని మరువరాదు.

పచ్చమందులలో పెక్కింట మాలకైట్ గ్రీన్ ఉండును. ఆహారమునకు పెంచు చేపలకు దానిని వాడరాదని పెక్కు దేశములు నిషేధించినవి. గర్భవతులు దానిని ముట్టకుండుట మేలు. చేతిపై గాయమున్నవారు తొట్టినీటిలో చేయి పెట్టరాదు. తొట్టిసామాను వంటపాత్రల సింకులో కడుగరాదు. పొలుసులు నిక్కి దేహము ఉబ్బిన చేప బ్రదుకుట అరుదు. దానిని వేరుగా నుంచుడు. ఎవరో మిగిల్చిన యాంటీబయోటిక్ గొట్టములను తొట్టిలో చిమ్ముట మాత్రము వలదు.

ఆ సోదరి మూడవ జాబు నిన్ననే వచ్చినది. ఆరవ వారమున అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమైనవట. చిన్నదాని తోకలో గీతలు పోయినవి. పెద్దది చిన్నదానిని టబ్బంతయు తరుముచున్నది. మొటిమల సంగతి దానితో తేలినది. మొదటి వారము అమ్మాయి టబ్బు దగ్గరకు రాలేదు. తల్లి నాయనమ్మగారి యెదుట తన పొరపాటు చెప్పిన మరునాడు తానే వచ్చి పరీక్షగొట్టము పట్టుకొన్నదట. ఇప్పుడు చుక్కలు లెక్కించు పని ఆమెదే, ఇతరులను ముట్టనీయదు. మేత పట్టెడు పెట్టె మాత్రము నాయనమ్మగారి చేతిలో నున్నది.

జాబు చివర అమ్మాయి తన వ్రాతతో నన్నొక ప్రశ్న అడిగినది: రాత్రి చేపలు కన్నులు తెరచుకొనియే యున్నవి, వానికి నిద్రలేదా? ఉన్నది, తల్లీ. చేపకు కనురెప్పలు లేవు గనుక మూయలేదు. అడుగున కదలక నిలిచియున్నదనిన నిద్రించుచున్నదనుమాట. ఆ వేళ గదిలో దీపము ఆర్పివేయుమని నాన్నగారితో చెప్పుము.