పెద్దల సేవకు జీతమేది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఈ లెక్క చూసే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది, ఎక్కువమందిని కనమంటోంది. ఇవాళ పుట్టిన బిడ్డ సంపాదనలో పడేసరికి ఇరవై ఏళ్లు దాటుతుంది. ఈలోగా పెద్దల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. వాళ్లకు కావలసిన సేవను ఉపాధిగా మలచుకోవడం అంతకన్నా దగ్గరి దారి.

పక్షవాతంతో మంచాన పడిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. మింగలేని మనిషిని లేపి కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించాలి. ఇదంతా నేర్చుకుని చేయాల్సిన పని. జపాన్ 2000లో దీన్ని బీమా కిందికి తెచ్చింది. నలభై దాటినవారు ప్రీమియం కడతారు, దాదాపు అంతే సొమ్ము ప్రభుత్వాలు కలుపుతాయి, సేవ అందుకునేవారు మామూలుగా ఖర్చులో పదో వంతు పెట్టుకుంటారు. అప్పట్లో 5.5 లక్షలున్న సంరక్షణ సిబ్బంది 2020 నాటికి 21 లక్షలు దాటారు. ముసలివాళ్లు ఎంత పెరిగినా, జీతమిచ్చే ఏర్పాటు లేకుంటే ఇన్ని ఉద్యోగాలు వచ్చేవే కావు.

కూలీనాలీతో బతికేవారే ఎక్కువైన మన దగ్గర ఆ బీమా యథాతథంగా కుదరదు. అయితే ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను రూ.4,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తోంది. అంటే కొంత డబ్బు ఇప్పటికే ఇళ్లకు చేరుతోంది. పని తెలిసిన మనిషే ఊళ్లో దొరకడం లేదు. డ్వాక్రా మహిళల్లో ఇష్టమున్నవారికి ప్రభుత్వాసుపత్రుల్లో శిక్షణ, సర్టిఫికెట్ ఇచ్చి, పీహెచ్‌సీ నర్సు అజమాయిషీలో పెట్టొచ్చు. పింఛనులో మందులకూ డైపర్లకూ పోగా మిగిలేది తక్కువే కాబట్టి నాలుగైదు ఇళ్లకు ఒకరిని కుదిర్చి, జీతంలో తక్కువపడేది ప్రభుత్వం కలపాలి.

కన్నవాళ్లను పరాయివాళ్ల చేతిలో పెడతామా అనేవారుంటారు. ఇప్పుడు ఆ చాకిరీ ఎక్కువగా భార్యో కోడలో కూతురో చేస్తున్నారు, తమ పని మానుకుని మరీ. తల్లిదండ్రుల పోషణ బాధ్యతను పిల్లలపై పెట్టిన 2007 చట్టం భరణం ఇప్పించగలదు గానీ, డల్లాస్‌లో ఉన్న కొడుకును మంచం పక్కకు తేలేదు. రోజుకు రెండు గంటల సాయం దొరికినంత మాత్రాన కుటుంబం చేతులు దులిపేసుకున్నట్టు కాదు. ఇది చౌక చాకిరీగా మిగిలిపోతుందన్న అనుమానం మాత్రం బరువైనది. జపాన్‌లోనూ ఈ జీతాలు సగటుకన్నా తక్కువే. అక్కడ మనుషులు దొరక్కపోవడానికి అదీ ఓ కారణం. నగరాల్లో కొన్ని ఏజెన్సీలు పన్నెండు గంటల డ్యూటీ చేయించి కమీషన్ కోసుకునే పద్ధతి ఊళ్లకూ పాకితే పథకం మొదట్లోనే చెడుతుంది. అందుకే కనీస వేతనం, పనిగంటలు, వారానికో సెలవు ముందే రాతలో ఉండాలి. ఈ షరతులతో వచ్చే బడ్జెట్‌లో ఒక్క జిల్లాకైనా పద్దు కేటాయిస్తే, లాభనష్టాలు అక్కడే తేలతాయి.