హోటలు పనివారి మనసు ప్రశ్నావళికి అందునా?

పర్యాటక స్థలాలను గురించిన పరిశోధన నేడు విశ్వవిద్యాలయాలలో ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకున్నది. కొండలు, సముద్రతీరాలు, పుణ్యక్షేత్రాలు యాత్రికుల తాకిడిని ఎంతవరకు ఓర్చుకోగలవు, నీటిని విద్యుత్తును పొదుపుచేస్తూ హోటలును ఎట్లా నడపాలి, అందులో పనిచేసేవారి వైఖరి ఏమిటి అన్నవి ఆ శాస్త్రానికి ప్రీతిపాత్రమైన ప్రశ్నలు. నీటిని లీటర్లలో కొలవవచ్చు, విద్యుత్తుకు మీటరున్నది. వైఖరికి మాత్రం ప్రశ్నావళియే దిక్కయినది. "పర్యావరణ పరిరక్షణ నా బాధ్యత" అన్న వాక్యం వ్రాసి, 'పూర్తిగా అంగీకరిస్తాను' మొదలు 'ఏమాత్రం అంగీకరించను' వరకు గల అయిదు గడులలో ఒకదానిలో గుర్తుపెట్టమంటారు. ఆ గుర్తులను కూడి సగటు తీసి, దానికి సిబ్బంది మనోవైఖరి అని పేరు పెడతారు.

సత్యమే పలుకవలెనని పరీక్షలో చక్కగా వ్రాసి మార్కులు తెచ్చుకొన్న బాలుడు ఆ సమాధానాన్ని పక్కవాని కాగితంలో చూచి వ్రాసిఉండవచ్చు. ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. సమాజశాస్త్రజ్ఞులకు కూడా కొత్త కాకూడదు.

అమెరికాలో రిచర్డ్ లాపియర్ అనే పండితుడు 1930 మొదలు రెండేళ్ళపాటు ఒక చైనా విద్యార్థిని, అతని భార్యను వెంటబెట్టుకొని దేశమంతా తిరిగాడు. చైనావారియెడ అక్కడ వైమనస్యం ప్రబలిఉన్న కాలమది. వారు మెట్లెక్కిన బసలు, భోజనశాలలు కలిపి 251. పొమ్మన్నది ఒకే ఒక్క చోట. తక్కినవారందరూ గది ఇచ్చారు, అన్నం పెట్టారు. ఆరు నెలల తరువాత అవే స్థలాలకు అతడు ఉత్తరాలు వ్రాసి, చైనా జాతివారిని అతిథులుగా స్వీకరిస్తారా అని అడిగాడు. 128 చోట్లనుండి జవాబులు వచ్చినవి. నూటికి తొంబైమందికి పైగా స్వీకరించమనే వ్రాశారు. 1934లో ఈ ఫలితం ప్రకటితమైనది.

ఇందులో ఒక లోపమున్నదని తరువాతివారు ఎత్తిచూపారు. ఉత్తరానికి జవాబు వ్రాసినవాడు, గుమ్మం దగ్గర అతిథిని చూచినవాడు ఒకడే కావాలని లేదు కదా! ఆక్షేపణ న్యాయమైనదే. అయితే హోటళ్ళ విషయంలో అసలు సంగతి ఆ లోపంలోనే దాగిఉన్నది. సంస్థ పేర మాట్లాడేవాడు ఒకడు, పని చేసేవాడు మరొకడు.

అమెరికాలోనే గోల్డ్‌స్టీన్, చాల్డీనీ, గ్రిస్కెవిసియస్ అనే ముగ్గురు 2008లో తువ్వాళ్ళను గురించి ఒక పరిశోధన ప్రకటించారు. పర్యావరణాన్ని కాపాడుటకు తువ్వాలును మళ్ళీ వాడండని హోటలు స్నానాలగదిలో చీటీ ఉంటుంది. అటువంటి చీటీని మన్నించినవారు నూటికి 35 మంది. ఇక్కడ దిగిన అతిథులలో ఎక్కువమంది మళ్ళీ వాడుతున్నారని వ్రాస్తే 44 మంది మన్నించారు. మరొక విడత, ఈ గదిలోనే దిగినవారు అట్లా చేశారని వ్రాస్తే 49 మంది. ఉపదేశం కంటె తోటివాని నడత బలమైనదన్నమాట. ఇందులో మెచ్చదగినది వేరొకటి ఉన్నది. అతిథుల అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. తువ్వాలు ఎక్కడ ఉన్నదో చూచి లెక్కవేశారు. ఆ లెక్క వ్రాసినది గదులు శుభ్రపరచే పనివారే.

అదే పనివారి వైఖరి దగ్గరకు వచ్చేసరికి శాస్త్రం మళ్ళీ గడుల కాగితం చేతపట్టుకొంటుంది.

అతిథి ఆరవేసుకొన్న తువ్వాలును సైతం తీసివేసి కొత్తది పెట్టడం హోటళ్ళలో అరుదు కాదు. దానిని సిబ్బంది అవగాహనాలోపమని వ్రాసి, శిక్షణ తరగతులు పెట్టవలెనని సిఫారసు చేయడం సులభం. గది సర్దే స్త్రీ ఎదుట ఉన్న చిక్కు వేరు. పాతది ఉంచినందుకు అతిథి ఫిర్యాదు చేస్తే మాట పడేది ఆమె. కొత్తది పెట్టినందుకు అడిగేవాడు లేడు. రోజుకు ఇన్ని గదులని లెక్కకట్టి ఇచ్చినప్పుడు, అతిథి ఆ తువ్వాలును మళ్ళీ వాడదలచి ఆరవేశాడా, ఊరకే తగిలించాడా అని ఆలోచించే తీరిక కూడా ఉండదు. ఉతుకుడు ఖర్చు తగ్గితే లాభం యజమానిది.

2010 తరువాతి సంవత్సరాలలో అమెరికాలోని ఒక పెద్ద హోటలు సంస్థ, గది శుభ్రం చేయనక్కరలేదన్న అతిథులకు చిన్న కానుక ఇచ్చే ఏర్పాటు నడిపింది. నీరు, విద్యుత్తు ఆదా అవుతాయని దానికి పచ్చని పేరు కూడా పెట్టారు. పనివారి సంఘాలు నిరసించాయి. గదులు తగ్గితే పనిగంటలు తగ్గుతాయి, వాటితో కూలీ తగ్గుతుంది. మూడు నాలుగు రోజులు ఊడ్వని గదిని ఒక్కసారిగా శుభ్రం చేయవలసివస్తే ఒళ్ళు హూనమవుతుంది. 2018లో అనేక నగరాలలో సాగిన హోటలు పనివారి సమ్మెలో ఈ ఫిర్యాదు కూడా ఒకటి. ఆనాడు వారి చేతికి ప్రశ్నావళి ఇచ్చిఉంటే గుర్తులు ఏ గడిలో పడేవో ఊహించడం కష్టం కాదు. ఆ గుర్తులను బట్టి వారికి ప్రకృతి మీద శ్రద్ధ లేదని తేల్చడం మాత్రం శాస్త్రమనిపించుకోదు.

ఈ విషయమై పరిశోధించదలచిన విద్యార్థి మొదట తెలుసుకోవలసినవి వేరే ఉన్నవి. ఆమెకు రోజుకు ఎన్ని గదులు అప్పగించారు? ఆరవేసిన తువ్వాలును ముట్టవద్దని ఎవరైనా స్పష్టంగా చెప్పారా? ఆదా అయిన సొమ్ములో ఆమె చేతికి వచ్చినదెంత?